రెండో పెట్టె

మా ఇంట్లో రొయ్యల మేత బస్తాలు పెట్టుకునే గది ఒకటుంది. మా ఆయన కువైట్ నుంచి వచ్చిన కొత్తలోనే ఆ గది ఖాళీ చేయించి, గోడలకు సున్నం కొట్టించి, కిటికీ పక్కన బల్ల వేసి, దాని మీద టిఫిన్ డబ్బా అంత నల్ల పెట్టె ఒకటి పెట్టారు. వెనక రెండు వైర్లు, ముందు ఒక పచ్చ దీపం. "ఇంక ఇదే నా ఉద్యోగం" అన్నారు. మేత బస్తాలు వసారాలోకి వచ్చి పడ్డాయి. ఎలుకలకు పండగ.

నాకో జబ్బుంది. ఇంట్లో ఉన్న వస్తువు ఏం చేస్తుందో తెలియకపోతే అన్నం సయించదు. గ్రైండర్ కొన్నప్పుడు మరలు విప్పి లోపల చూసి మళ్ళీ బిగించాను. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకమని మా అక్క వెక్కిరిస్తుంది. కాబట్టి ఆ పెట్టెను ఊరికే వదల్లేదు. చెరువు గట్టు మీద నడుస్తున్నా, అన్నం తింటున్నా ఆయన్ని అడుగుతూనే ఉన్నాను. ఆయన కూడా విసుక్కోకుండా చెప్పారు. ఏసీ మెకానిక్‌గా వెళ్ళిన మనిషి. ఒక కంపెనీలో కంప్యూటర్లుండే గదిని చల్లగా ఉంచే పని ఇచ్చారట. చల్లగా ఉంచుతూ ఉంచుతూ, ఆ కంప్యూటర్లు లోపల ఏం చేస్తున్నాయో నేర్చేసుకున్నారు. ఈ ఒక్క విషయంలో మా ఇద్దరి జాతకాలూ బాగా కలిశాయి.

"బ్లాక్‌చెయిన్ అంటే ఒక లెక్క అనుకో" అన్నారు. "ఎవరు ఎవరికి ఎంత పంపించేరన్న లెక్క. మామూలుగా అయితే అది బ్యాంకు దగ్గరుంటది. ఇది మాత్రం ప్రపంచంలో వేలమంది దగ్గర ఒకేలాగ ఉంటది. మధ్యలో బ్యాంకు లేదు, మేనేజరు లేడు."

"మరి ఎవడైనా వచ్చి తనకి నచ్చినట్టు రాసుకుపోతేనండీ?"

"అందుకే వాలిడేటర్లని ఉంటారు. లెక్కలో కొత్త పేజీ చేరుతూ ఉంటది, దాన్ని బ్లాక్ అంటారు. లాటరీ తీసినట్టు ఒక్కోసారి ఒక్కో వాలిడేటర్‌కి ఆ పేజీ రాసే వంతొస్తది. మిగతావాళ్ళు అది సరిగ్గా ఉందో లేదో చూసి సంతకం పెడతారు. ఎక్కువమంది సరేనంటేనే పేజీ నిలబడతది. ఈ పెట్టె చేసే పని అదే. మన తరపున చూసి సంతకం పెడతది."

"ఎవరు పడితే వాళ్ళు పెట్టెయ్యొచ్చా సంతకం?"

"ధరావతు కట్టాలి."

ఆ మాట దగ్గర నాకు విషయం పట్టుబడింది. మా వైపు గట్టు తగువు పెద్దల దగ్గరకు వెళ్తే, నోరు విప్పే ముందే ఇద్దరి చేతా కొంత సొమ్ము కట్టిస్తారు. తర్వాత మాట తప్పినవాడి సొమ్ము వెనక్కి రాదు. తమ సొమ్ము పెద్దల దగ్గర ఉందన్న భయంతోనే మనుషులు ఆచితూచి మాట్లాడతారు. అక్కడా అంతే. ఆ వాలిడేటర్లు ఒకరి ముఖం ఒకరు చూసినవాళ్ళు కారు. ఎవడు మంచివాడో, ఎవడు కంత్రీవాడో ఎవరికీ తెలియదు. అందరూ కట్టిన ధరావతే అందరికీ కాపలా. అబద్ధం మీద సంతకం పెడితే పోయేది తన సొమ్మే గనక పెట్టడు. సరిగ్గా పెడుతున్నంత కాలం కొంచెం కొంచెంగా ప్రతిఫలం వస్తుంది. ముక్కూ ముఖం తెలియని వేలమంది చేత నిజం చెప్పించడానికి ఇంత చిన్న ఉపాయం సరిపోతుందా అని నాకు ఆశ్చర్యం వేసింది.

మా ఆయన కట్టిన ధరావతు కువైట్‌లో దాచుకున్నదంతా. నాకు చెప్పే కట్టారు, నేను సరేనన్నాకే కట్టారు. నేను సరేనన్నది బ్లాక్‌చెయిన్ మీద ప్రేమతో కాదు. ఈ పెట్టె నడిచి, దానికి రెండు చెరువుల రాబడి తోడైతే, ఆయన మళ్ళీ కువైట్ వెళ్ళక్కర్లేదు. మా పెళ్ళయ్యాక మేమిద్దరం ఒకే కప్పు కింద ఉన్న రోజుల కంటే ఫోన్లో మాట్లాడుకున్న రోజులే ఎక్కువ. మా అమ్మాయి నాన్న గొంతు వింటూ పెరిగింది. ఇప్పుడది కాకినాడలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. "వెళ్ళను, ఇంక ఇక్కడే" అని ఆయన నాతో అన్నారు. నాకు కావలసింది ఆ మాటే. మిగతాదంతా వైర్లూ దీపాలూ.

"అబద్ధం ఆడితేనే కదా ధరావతు పోయేది. మనం ఆడం. ఇంక భయమేముంది?" అన్నాను ఒకరోజు.

"పెట్టె ఆగిపోతేనో? ఆగిపోతే సంతకం పడదు. పడకపోతే కొంచెం కోస్తారు."

కొంచెమంటే ఎంతో ఆయన చెప్పలేదు. ఎప్పుడూ వంద ప్రశ్నలడిగే నేను ఆ ఒక్కటీ అడగలేదు. ఆగిపోవడమన్న మాట వినగానే ఇద్దరికీ చెరువే కళ్ళ ముందు మెదిలింది.

రొయ్యల చెరువుల వాళ్ళ భయం బయటివాళ్ళకు చెప్పినా అర్థం కాదు. నీళ్ళను చిలుకుతూ ఏరియేటర్ల చక్రాలు తిరుగుతూ ఉండాలి. అవి ఆగితే నీళ్ళలో గాలి తగ్గిపోతుంది. తెల్లవారుజామున అయితే మరీను. రొయ్యలు పైకి తేలి గట్టు వారకు వచ్చేస్తాయి. అలా వచ్చేశాక చేసేదేమీ ఉండదు, చూస్తూ నిలబడటమే. అందుకే కరెంటు పోయిన మరుక్షణం దానంతటదే అందుకునే జనరేటర్ ఉంటుంది. అది మొరాయిస్తే పక్క చెరువు జనరేటర్ నుంచి తీగ లాక్కునే ఏర్పాటుంటుంది. మా ఉప్పలగుప్తం చుట్టుపక్కల పిల్లనిచ్చేవాళ్ళు కుర్రాడి గుణం తర్వాత, ముందు జనరేటర్ కండిషన్ అడుగుతారని మా అక్క వేళాకోళం. ఆయన కువైట్‌లో ఉన్నన్నాళ్ళూ చెరువులు నేనే చూసుకున్నాను. ఫోన్ చేయగానే ఆయన అడిగే మొదటి మాట "కరెంటుందా?" అని. "బాగున్నావా?" ఆ తర్వాత.

అలాంటి మనిషి ఒక్క పెట్టెతో ఊరుకుంటారా? అమలాపురంలో మా అక్క వాళ్ళింట్లో, టీవీ పక్కన అద్దాల అలమారలో రెండో పెట్టె పెట్టారు. వాళ్ళది వేరే కరెంటు లైను, వేరే ఇంటర్నెట్. ఆ పెట్టె నోరు మూసుకుని, మా ఇంటి పెట్టె సంతకాలు పెడుతోందా లేదా అని కనిపెట్టుకుని ఉంటుంది. ఇది కాసేపు పలక్కపోతే అది లేచి పని అందుకుంటుంది. సంతకం పెట్టడానికి కావలసిన తాళంచెవి, దాన్ని కీ అంటారు, రెండింటిలోనూ ఒకటే. ఏ పెట్టె పెట్టినా అది మా సంతకమే.

"మన జనరేటర్ లాగన్నమాట" అన్నాను.

"ఆయ్. అచ్చం జనరేటరే" అని ఆయన మురిసిపోయారు.

నేనూ మురిసిపోయాను. చెరువుల వాళ్ళకెవరికి చూపించినా భేష్ అనే ఏర్పాటది. దసరాకి మా అక్క ఆ పెట్టెకు పసుపు రాసి బొట్టు పెట్టింది. "మీ ఆయన పెట్టె ఉలకదు, పలకదు. మా ఇంట్లో ఇలాంటిది ఇంకోటి ఉంది, వాలుకుర్చీలో కూచుని పేపరు చదువుతుంటది" అని ఫోన్ చేసి బావగారి మీద చెణుకు విసిరింది.

దసరా వెళ్ళాక వాయుగుండం పట్టింది. ఆ పొద్దున గాలి లేచేసరికి మేమిద్దరం చెరువు దగ్గరే ఉన్నాం. ఇంటి దగ్గర కొబ్బరి మట్ట విరిగి ఇంటర్నెట్ తీగ మీద పడి, తీగ తెగింది. ఆయన ఫోన్లో చూసుకుని, గాలికి వినపడదని గట్టిగా చెప్పారు.

"ఇంటి దగ్గరది పలకట్లేదు. చూసేవా, అమలాపురంది లేచింది."

ఆ ముఖంలో వెలుగు మా పెళ్ళి ఫొటోలో కూడా లేదు. గట్టు మీద పాకలో కూచుని ఫ్లాస్కులో టీ చెరిసగం తాగాం. వాన తెరిపి ఇచ్చాక ఇంటికొచ్చేసరికి కేబుల్ అతను నిచ్చెనేసుకుని తీగ అతుకుతున్నాడు. ఇంత గాలిలో వచ్చినందుకు ఆయన అతనికి మరీ మరీ థాంక్సు చెప్పి, గెల నుంచి అరటిపళ్ళు కోసిచ్చి పంపించారు. లోపల పచ్చ దీపం మళ్ళీ మామూలుగా వెలుగుతోంది. ఆయన స్నానానికి వెళ్ళారు.

బాత్రూంలో నీళ్ళ చప్పుడు అవుతుండగానే బల్ల మీద ఆయన ఫోన్ గణగణమని ఆగకుండా మోగడం మొదలెట్టింది. ఎవరో చేసిన ఫోన్ కాదు. ఏదైనా తేడా వస్తే మోగేలా ఆయనే పెట్టుకున్న హెచ్చరిక. తల తుడుచుకోకుండా వచ్చి చూశారు. చూసి, ముందు మా అక్కకు ఫోన్ చేసి ఆ పెట్టె స్విచ్ ఆపెయ్యమన్నారు. తర్వాత కుర్చీలో కూలబడి నాతో అన్నారు.

"తీసేసేరు."

"ఎవర్నండీ?"

"మనల్నే. ధరావతులో కోసేసి, వాలిడేటర్‌గా ఉండకుండా బయటికి తోసేసేరు."

"మనమేం చేసేం?"

ఆయన చెప్పడానికి చాలాసేపు పట్టింది. మా ఇంటి పెట్టె ఆగిపోలేదు. తీగ తెగి దాని గొంతు బయటికి వినపడలేదంతే. తీగ అతకగానే అది తన పని తాను మొదలెట్టింది. మధ్యలో జరిగింది ఇంకా పూర్తిగా తెలియక కాస్త వెనకబడి ఉంది. తనకు కనిపించిందే సరైనదని సంతకం పెట్టింది. ఒకసారి లేచాక తనంతట తాను ఆగడం తెలియని అమలాపురం పెట్టె, అదే వంతుకు తనకు కనిపించినదానికి సంతకం పెట్టింది. ఒకే సంతకం, ఒకే వంతు, రెండు వేరే మాటలు. మొదట్లో ఈ ఏర్పాటు పరీక్షించినప్పుడు, ఆయన రెండో పెట్టెను ఆపాకే మొదటిదాన్ని మళ్ళీ లేపారు. అందుకని అప్పుడేం కాలేదు. వాయుగుండానికి ఆ వరస ఎవరు చెబుతారు?

"రెండు పెట్టెలూ మనవే. రెండూ నిజమే చెప్పేయి, వాటికి కనిపించినంత వరకూ. ఇందులో మోసం ఏముందండీ?"

"మోసం చేసేవాడు చేసేది కూడా సరిగ్గా ఇదే. కొందరికి ఒక పేజీ చూపించి సంతకం పెడతాడు. ఇంకొందరికి ఇంకో పేజీ చూపించి సంతకం పెడతాడు. ఏది అసలుదో తేలక వాళ్ళు కొట్టుకుంటుంటే, ఉన్న సొమ్మే రెండుసార్లు ఖర్చు పెట్టేసుకుంటాడు. మనం పొరపాటున చేసేమా, కావాలని చేసేమా అన్నది వాళ్ళకి తెలీదు. అడగరు కూడా."

పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. అన్నీ కట్టుదిట్టంగా పెట్టుకున్నవాళ్ళకా శిక్ష? ఆ కోపంలో కూడా నా జబ్బు నన్ను వదల్లేదు.

"అసలు ఎవరు చూసేరు? ఎవరు చెప్పేరు వాళ్ళకి?"

"ఎవరైనా చూడొచ్చు. సంతకాలు అందరికీ కనపడతాయి. ఎక్కడో ఏ దేశంలోనో ఒకడు మన రెండు సంతకాలూ పక్కపక్కన పెట్టి చూపించేడు. అంతే. వాడి మాట నమ్మక్కర్లేదు, మన మాట నమ్మక్కర్లేదు. ఆ సంతకాలే సాక్ష్యం."

"మరి తీగ తెగినప్పుడు ఆ రెండోది లేవకుండా, మనం ఊరుకుని ఉంటే ఎంత పోయేది?"

ఆయన నా వైపు చూడలేదు. "మనం తాగిన టీ ఖర్చంత" అన్నారు.

తర్వాత చాలా రోజులు నేను దాని గురించే ఆలోచించాను. చెరువు మనది ఒక్కళ్ళదే. అందులో చక్రం ఆగితే తిప్పేవాళ్ళు ఇంకెవరూ లేరు, అంచేత ఆగకపోవడమే ధర్మం. ఆ నెట్‌వర్కు అలా కాదు. వేలమంది మేలుకుని ఉన్నచోట ఒకడు కునుకు తీస్తే కొంప మునగదు. మిగతావాళ్ళు సంతకాలు పెట్టుకుంటూ పోతారు. ఒకడు రెండు మాటలు చెబితే మాత్రం మేలుకున్నవాళ్ళందరికీ సందేహం మొదలవుతుంది. అందుకే అక్కడ మాట్లాడకపోవడం చిన్న తప్పు, రెండు రకాలుగా మాట్లాడటం పెద్ద తప్పు. చెరువు దగ్గర నేర్చుకున్న మంచి అలవాటే మమ్మల్ని అక్కడ ముంచింది. ఆలోచించిన కొద్దీ నాకు వాళ్ళ మీద కోపం తగ్గి, ఇంత పకడ్బందీగా ఎవరు ఆలోచించి ఉంటారా అని వింతగా అనిపించేది. నా సొమ్ము కోసినవాళ్ళను నేనే మెచ్చుకోవడం ఏమిటని నవ్వూ వచ్చేది.

అయితే గుండెల్లో ఇంకో భయం ఉంది. కోయగా మిగిలిన ధరావతు వెంటనే చేతికి రాదు. కొన్ని వారాలు అక్కడే పట్టి ఉంచుతారు. అది వచ్చాక, ఇంకొంత చేర్చి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఈలోగా ఆయన గదిలోకి వెళ్ళి ఆరిపోయిన పెట్టె ముందు కూచోవడం, లేచి రావడం. మా అక్క తన దగ్గరున్న పెట్టెను తువ్వాలులో చుట్టి బస్సులో తెచ్చి ఇచ్చేసింది. బొట్టు ఇంకా అలాగే ఉంది. "ఆ దేశం వెళ్ళిపోతాననకుండా చూసుకో" అని వెళ్ళేటప్పుడు నా చెవిలో చెప్పింది. నేను రాత్రీ పగలూ భయపడుతున్నది దానికే.

ఒక మధ్యాహ్నం, కువైట్‌లో ఆయనతో ఒకే గదిలో ఉన్న స్నేహితుడు వచ్చాడు. సఖినేటిపల్లి అతను, సెలవు మీద వచ్చాడు. మా ఆయన్ని బావగారనీ నన్ను అక్కయ్యగారనీ పిలుస్తాడు. ఖర్జూరాల పెట్టె నా చేతికిచ్చి, వసారాలో మేత బస్తాల పక్కన కూచున్నాడు. ఆయన ఇంకా చెరువు దగ్గర్నుంచి రాలేదు. యోగక్షేమాలయ్యాక అతను తేలిగ్గా అన్నాడు.

"బావగారి సీటు అలాగే ఉంచేరండి, అక్కయ్యగారు. కొత్త సంవత్సరం వెళ్ళేక వచ్చేస్తానన్నారంట కదండీ."

"ఎవరితో అన్నారయ్యా?"

"మా మేనేజరుతోనండి. ఫోన్ చేసి చెప్పేరంట. సీటు ఎవరికీ ఇవ్వద్దన్నారంట."

"ఎప్పుడు?"

"ఇక్కడికి వచ్చేసిన కొత్తలోనేనండి. మొన్న గాలివాన అయ్యేక మళ్ళీ చేసేరంట. మీకు తెలుసనుకున్నానండి."

పాపం, అతని తప్పేం లేదు. ఆయన నాతో ఏమన్నారో అతనికి తెలియదు. నేను టీ పెట్టడానికి లేచాను. అప్పటికే ఆయన వచ్చి పంపు దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నారు. ఆఖరి మాటలు విన్నారని ఆ నిలబడ్డ తీరులోనే తెలిసింది. నీళ్ళు కాళ్ళ మీద పడుతూనే ఉన్నాయి, ఆయన పంపు కట్టలేదు.

స్నేహితుడు వెళ్ళిపోయాక ఆయన్ని కూచోమన్నాను. నాకు కోపం వస్తే నోరు లేస్తుంది, వీధి చివరిదాకా వినపడుతుంది. ఆ రోజు లేవలేదు.

"నాతో ఏం చెప్పేరు?"

"వెళ్ళనని."

"వాళ్ళతో?"

"వస్తానని. మోసం కాదు. ఇది ఆగిపోతే అదుంటదని. నీకోసమే. మనందరి కోసమే."

"నాకు తెలుసు" అన్నాను. నిజంగానే తెలుసు. ఆయన అబద్ధాలాడే మనిషి కారు. నాతో అన్నప్పుడు నాతో ఉండిపోవాలనే అన్నారు. వాళ్ళతో అన్నప్పుడు వెళ్ళాలనే అన్నారు. "కానీ ఏ మాట నమ్మాలండీ నేను? వెళ్తానంటే వెళ్ళండి. ఏడుస్తాను, అయినా చెరువులు చూసుకుంటాను. తేల్చుకోలేకపోతున్నానంటే కొన్నాళ్ళు ఏమీ చెప్పకుండా ఊరుకోండి. అదీ భరిస్తాను. నాకొకటీ వాళ్ళకొకటీ మాత్రం చెప్పకండి."

ఆయన ఊరుకున్నారు. చెరువు పని చేశారు, మేత వేశారు, పెట్టింది తిన్నారు. ఆ విషయం ఎత్తలేదు. నేనూ అడగలేదు. అడక్కుండా ఉండటం ఎంత కష్టమో నన్నెరిగినవాళ్ళకు చెప్పక్కర్లేదు.

తర్వాత ఒకరోజు నేను పెరట్లో కూచుని చేపలు తోముతుంటే ఆయన వచ్చి ఎదురుగా పీట వేసుకున్నారు. ఫోన్ స్పీకర్లో పెట్టి మా ఇద్దరి మధ్యా గచ్చు మీద పెట్టి, మేనేజరుకు ఫోన్ చేశారు. కువైట్‌లో నేర్చుకున్న హిందీలో, నాకూ అర్థమయ్యేలా నెమ్మదిగా, తాను రావడం లేదని చెప్పారు. ఆ సీటు ఇంకెవరికైనా ఇచ్చుకోమన్నారు. అవతలి ఆయన మంచిగానే, ఇంకోసారి ఆలోచించుకో, ఇస్తే మళ్ళీ దొరకదు అన్నాడు. ఆలోచించుకున్నానండి అన్నారు ఈయన. ఫోన్ పెట్టేశారు.

నేను సంతోషించాలి. పెళ్ళయినప్పటి నుంచి ఎదురుచూసిన మాట అది. కానీ ముందు వచ్చింది సంతోషం కాదు, లెక్కలు. ధరావతు ఇంకా తిరిగి రాలేదు. ఈ పంటలో రొయ్యలకు తెల్లమచ్చ రోగం వస్తుందో రాదో తెలియదు. అమ్మాయి చదువు సగంలో ఉంది.

"ఇంక మనకి అక్కడేం లేదు కదండీ" అన్నాను.

"లేదు" అన్నారు.

ఇన్నేళ్ళలో ఆయన చెప్పిన మాటల్లో నాకింత భయం పుట్టించిన మాట ఇంకోటి లేదు. ఉండిపోతానని ఆయన అంతకు ముందు చెప్పినప్పుడు ఆయనకు పోయిందేమీ లేదు. ఈసారి పోగొట్టుకుని చెప్పారు. పూర్తిగా నమ్మాను.